నిరసనల వార్తల్లో పక్షపాతాన్ని ఎలా కొలవాలి?

నిరసన ఉద్యమాలను పెద్ద న్యూస్ సైట్లు ఎలా చూపిస్తాయన్న దానిపై చిన్న ప్రాజెక్ట్ చేస్తున్నాను, తెలిసినవాళ్లు కాస్త దారి చూపండి. 1968 అక్టోబర్‌లో లండన్‌లో వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా తీసిన ఊరేగింపు చాలావరకు ప్రశాంతంగానే సాగినా, గొడవలు ఖాయమని ముందే రాసేసిన పత్రికలు తర్వాత గ్రోవనర్ స్క్వేర్ (అప్పట్లో అమెరికా ఎంబసీ ఉన్న చోటు) దగ్గరి తోపులాటనే పట్టుకుని కూర్చున్నాయి. ఇప్పటి సైట్లలోనూ చాలాసార్లు అదే వరస: హెడ్‌లైన్‌లో ట్రాఫిక్ జామ్, ఫొటోలో మంటలు, మొదటి పేరాలో పోలీసుల మాట, అసలు డిమాండ్ ఏంటో (రాస్తే) చివర్లో. ఎవరి మాటకు ఎన్ని వాక్యాలిచ్చారో లెక్కపెడితే సరిపోతుందా, లేక ఫొటోకీ హెడ్‌లైన్‌కీ విడిగా చూడాలా? ఇంకో తలనొప్పి, సాయంత్రానికి హెడ్‌లైనే మార్చేస్తారు, వేబ్యాక్ మెషీన్‌లో (వెబ్ పేజీల పాత కాపీలు దాచే సైట్) పాతవి అన్నీ దొరకవు. మీరైతే ఏ వెర్షన్ తీసుకుంటారు?