నేలపట్టు, పులికాట్ ప్రయాణం: వెళ్ళివచ్చినవారు కాస్త సలహా ఇవ్వగలరా?

అందరికీ నమస్కారం. మేము చెన్నై వేళచ్చేరిలో ఉంటాము. పక్కనే పళ్ళికరణై చిత్తడినేల ఉండటంతో, ఆదివారం ఉదయం రోడ్డు పక్కన నిలబడి బైనాక్యులర్‌లో కొంగలను చూడటం నాకూ, తొమ్మిదేళ్ళ మా అమ్మాయికీ అలవాటైంది. వెనక లారీల మోత, ముందు నామాల కోళ్ళ అరుపు. ఇక చాలు, ఈ జనవరిలో మా అమ్మాయికి అసలైన గూడబాతుల (పెలికాన్ల) ఊరు నేలపట్టు చూపించాలనుకుంటున్నాను.

లోకల్ రైల్లో సూళ్ళూరుపేట దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఆటోలో నేలపట్టు చేరాలని ఆలోచన. సాయంత్రం తిరుగు ప్రయాణానికి ఆటోలు దొరుకుతాయా, లేక పొద్దున వెళ్ళిన ఆటోనే ఆపుకోవాలా? గూళ్ళలో పిల్లలు కనబడాలంటే జనవరి సరైన సమయమేనా, ఇంకా ముందే వెళ్ళాలా?

రెండో రోజు పులికాట్ సరస్సులో రాజహంసలు (ఫ్లెమింగోలు). నా దగ్గర గాలి నింపే చిన్న కయాక్ పడవ ఒకటి ఉంది. కొన్నప్పటి నుంచి రెండుసార్లే నీళ్ళు తాకింది. మా ఆవిడ దాన్ని ‘అటక మీది ఓడ’ అంటుంది. సరస్సులో సొంతంగా తెడ్డు వేయడానికి అనుమతి అడగాలంటే ఎవరిని కలవాలి? పక్షులు బెదిరిపోతాయంటే మాత్రం దాన్ని అటక మీదే ఉంచుతాను, గట్టు మీద నుంచి చూసినా మాకు సంతోషమే.

ఇంకొకటి. గుడారం వేసుకుని రాత్రి గడపడానికి దగ్గర్లో ఎవరిదైనా తోటగానీ, పొలంగానీ ఉందా? అద్దె ఇస్తాము, చెత్త వెంట తీసుకువెళ్తాము. మా నాన్నగారు కూడా వస్తారు, ఆయనకు మోకాళ్ళ నొప్పి. అందుకని నేలపట్టులో కావలి మంచె మెట్లు ఎలా ఉంటాయో చెబితే మరీ మేలు.