తెల్ల కారుపై నారింజ రంగు చుక్కలు: పాలిష్‌కు ముందు ఏం చేయాలి?

ప్రశ్న

నమస్కారం. మాది విశాఖపట్నం, గాజువాక ప్రాంతం. మా తెల్ల కారును రోజంతా ఆరుబయటే నిలపవలసి వస్తోంది. ఉక్కు కర్మాగారమూ రైలు పట్టాలూ రెండూ దగ్గరే. బానెట్ మీద, డిక్కీ మీద ఆవగింజలో సగం కూడా లేని నారింజ రంగు చుక్కలు లెక్కకు మించి కనిపిస్తున్నాయి. షాంపూతో ఎంత కడిగినా అవి పోవడం లేదు, ఆరిన తర్వాత చేత్తో నిమిరితే గరుకుగా తగులుతున్నాయి. తలుపుల కింది భాగంలో తారు మచ్చలు కూడా ఉన్నాయి. మెషిన్ పాలిష్ పెడితే అన్నీ ఒకేసారి పోతాయని ఒక సర్వీసింగ్ షాపులో చెప్పారు. వానలు మొదలయ్యేలోపు పాలిష్, వ్యాక్స్ ఇంట్లోనే చేసుకోవాలనుకుంటున్నాను. నేరుగా పాలిష్ పెట్టవచ్చా? క్లే బార్ (పెయింట్‌లో దిగబడిన మురికిని లాగేసే మెత్తటి బంకముద్ద) తప్పనిసరా?

మొదటి సమాధానం

దయచేసి నేరుగా పాలిష్ పెట్టకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఆ చుక్కలు కారు రేకు తుప్పు పట్టడం వల్ల వచ్చినవి కావు. రైలు చక్రాలు పట్టాలకు రాసుకున్నప్పుడు, బ్రేకులు వేసినప్పుడు, ఎక్కడైనా ఇనుమును కోసినప్పుడు రేగే సన్నని ఇనుప రజను గాలిలో వచ్చి కారు మీద పడుతుంది. వేడిగా ఉన్న రేణువు క్లియర్ కోట్‌లోకి, అంటే రంగు మీద ఉండే పారదర్శకమైన పొరలోకి, కొంత దిగబడి, ఆ తర్వాత సముద్రపు గాలిలోని తేమకూ ఉప్పుకూ తుప్పు పడుతుంది. తెల్ల కారు కాబట్టి మీ కంటికి ఆనింది; నల్ల కారు మీద ఇంతే రజను ఉన్నా చేతికి తప్ప కంటికి తెలియదు.

ఈ స్థితిలో మెషిన్ పెడితే, ఊడిన రజను ప్యాడ్‌లో చిక్కుకుని, అది తిరిగినంతసేపూ కొత్త గీతలు పెడుతూనే ఉంటుంది. పైగా పాలిష్ అంటే క్లియర్ కోట్‌ను కొద్దికొద్దిగా అరగదీయడమే. చాలా కార్లలో ఆ పొర మందం 40, 50 మైక్రాన్ల ప్రాంతంలోనే ఉంటుంది, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. రసాయనంతో పోయే మురికి కోసం తిరిగి రాని పొరను అరగదీసుకోవడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

ముందుగా నీడలో, పెయింట్ చల్లగా ఉన్నప్పుడు షాంపూతో శుభ్రంగా కడగండి. తర్వాత తారు మచ్చలు తీసేసి, ఐరన్ రిమూవర్ స్ప్రే చేయండి. అందులోని థయోగ్లైకోలేట్ లవణం ఇనుముతో కలిసి ఊదా రంగుకు మారుతుంది. కాసేపటికే ఒక్కో చుక్క నుంచి సన్నని ఊదా చారిక కిందికి జారడం మీరు చూస్తారు. కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, కాబట్టి గాలి ఆడే చోట, చేతులకు గ్లవ్స్ వేసుకుని చేయండి. సీసా మీద రాసిన సమయం దాటనివ్వకండి, పెయింట్ మీద ఎండిపోనివ్వకండి, ఆ తర్వాత ధారాళంగా నీళ్లు పోసి కడగండి. రెండోసారి కొట్టినప్పుడు కూడా ఊదా రంగు బాగా వస్తే ఇంకా ఇనుము మిగిలి ఉన్నట్టే.

ఇవన్నీ అయ్యాక కూడా మిగిలిన గరుకు కోసమే క్లే బార్. చేతికి పలచని ప్లాస్టిక్ కవరు తొడుక్కుని నిమిరితే, ఉత్త చేతికి అందని గరుకు కూడా తెలుస్తుంది. నునుపుగా ఉన్న చోట క్లే రుద్దవలసిన అవసరం లేదు. గరుకుగా ఉన్న చోట లూబ్రికెంట్ (క్లే జారడానికి వాడే ద్రవం) బాగా చల్లి, మెత్తటి రకం క్లేను బరువు పెట్టకుండా తిన్నగా ముందుకూ వెనక్కూ జరపండి. మొదట్లో గరగరమని శబ్దం వస్తుంది, శుభ్రపడగానే అది ఆగిపోయి క్లే జారిపోతుంది. మురికి పట్టిన ముఖాన్ని లోపలికి మడిచి కొత్త ముఖం తీసుకోండి. నేల మీద పడిన ముక్కను మాత్రం ఎంత కొత్తదైనా పారేయండి.

రెండో సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను. తారు గురించి ఒక్క మాట. మన దగ్గర చాలామంది కిరోసిన్‌తో తుడుస్తారు. తారు కరిగే మాట నిజమే, కానీ జిడ్డు పొర మిగిలిపోతుంది. దాని మీద ఐరన్ రిమూవర్ సరిగా పనిచేయదు, రబ్బరు బీడింగులకూ కిరోసిన్ మంచిది కాదు. టార్ రిమూవర్ దొరికితే దాన్నే వాడండి. ఏది వాడినా గుడ్డను తారు మీద కాసేపు అద్ది ఉంచి, మెత్తబడ్డాక తుడవండి, ఆ భాగాన్ని మళ్లీ షాంపూతో కడగండి.

ఇంకొకటి, మీరు బోరు నీళ్లతో కడుగుతుంటే ప్రతి భాగాన్నీ వెంటనే మైక్రోఫైబర్ టవలుతో ఆరబెట్టండి. ఎండలో ఆరిన బోరు నీటి చుక్క కాల్షియం మరకను వదిలి వెళుతుంది. ఆ మరకలకు ఐరన్ రిమూవర్ పనికిరాదు, ఆమ్లగుణం ఉన్న వాటర్ స్పాట్ రిమూవర్ కావాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. వెనుక బంపరుకు ఈ మధ్యే గ్యారేజీలో కొత్తగా పెయింట్ వేయించాను. దానికీ ఇదే పద్ధతా?

మొదటి సమాధానమిచ్చినవారు

లేదండీ, దాన్ని ప్రస్తుతానికి షాంపూతో కడిగి వదిలేయండి. గ్యారేజీలో వేసిన పెయింట్ పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది, అప్పటిదాకా క్లే, పాలిష్, వ్యాక్స్ ఏవీ వద్దు. ఎన్నాళ్లు ఆగాలో ఆ పెయింట్ వేసినవారినే అడగండి. మిగతా కారుకు క్లే అయ్యాక కడిగి, ఆరబెట్టి, అప్పుడు పాలిష్ మొదలుపెట్టండి. క్లే వల్ల పడే సన్నని గీతలు పాలిష్‌తో పోతాయి. పాలిష్ నూనెలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీటితో తుడిచేసి, ఆపైన వ్యాక్స్‌ను పలచగా పట్టించండి.