చలి నీళ్లలో చేప ఒంట్లో ఏం మారుతుంది? తిలాపియా పక్కకి ఒరిగిపోతోంది

ప్రశ్న:

లోతు తక్కువున్న చిన్న చెరువులో తిలాపియా, బంగారు తీగ కలిపి పెంచుతున్నాను. చలిగాలి మొదలై రెండు రోజుల్లో నీళ్లు 23 డిగ్రీల నుంచి 17కి పడిపోయాయి. అప్పట్నుంచి తిలాపియా మేత ముట్టడం లేదు, వేసిన గుళికలు నానిపోయి ఉబ్బి గట్టువారకి కొట్టుకొస్తున్నాయి. ఈ పొద్దున చూస్తే కొన్ని ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి. మొప్ప మూత తెరుచుకున్నాక మళ్లీ మూసుకోవడానికి ఎంతసేపు పడుతోందో చూసి చాలా టెన్షన్ పడ్డాను. బంగారు తీగ మాత్రం అడుగున మందకొడిగా ఉన్నా నిలకడగానే ఉంది. అదే నీళ్లు, అదే మేత, మరి ఇంత తేడా ఎందుకు? చేప చలికి అలవాటు పడుతుంది అంటారు కదా, అలవాటు పడటం అంటే లోపల అసలు ఏం జరుగుతుంది?

జవాబు 1:

నీళ్లు ఎంత చల్లగా ఉంటే చేప ఒళ్లూ అంత చల్లగా ఉంటుంది, దానికి మనలా సొంత వేడి లేదు. సుమారుగా 10 డిగ్రీలు తగ్గితే ఒంట్లో పనులన్నీ సగం వేగానికి పడిపోతాయి, అందుకే ఆకలీ చచ్చిపోతుంది. ఇక చలి గట్టిగా దెబ్బకొట్టేది కణాల పొరల్ని. ఆ పొర కొవ్వుతో కట్టింది, చల్లబడితే బిగుసుకుపోతుంది. అప్పుడు అందులో ఉండి లవణాల్ని అటూ ఇటూ తోసే పంపులు, నరాల సంకేతాలు అన్నీ మందగిస్తాయి.

అలవాటు పడటం అంటే ముఖ్యంగా ఈ పొరని మార్చుకోవడం. డీశాచురేస్ అనే ఎంజైము గడ్డకట్టే రకం కొవ్వు ఆమ్లాల్ని చలిలోనూ పలచగా ఉండే రకంగా మారుస్తుంది, దాంతో పొరకి మళ్లీ సడలింపు వస్తుంది. బంగారు తీగకి ఇది బాగా వచ్చిన విద్య. 30 డిగ్రీల నుంచి 10కి దించిన బంగారు తీగల కాలేయంలో ఈ ఎంజైము ఎలా పెరుగుతుందో 1996లోనే చూపించారు. దానికి ఎర్ర కండ కూడా పెరుగుతుంది, ఆ కండలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలు ఎక్కువవుతాయి, అందుకే చల్లటి నీళ్లలోనూ ఈదగలదు. కానీ ఇవన్నీ రోజులు, వారాలు పట్టే పనులు. రెండు రోజుల్లో 6 డిగ్రీలు పడితే ఏ చేపకైనా ఊపిరి తిప్పుకునే టైమ్ ఉండదు. తిలాపియా పుట్టుకే వెచ్చటి ఆఫ్రికా నీళ్లది, అది సర్దుకోగలిగే హద్దే చిన్నది.

జవాబు 2:

పైవారు చెప్పింది కరెక్టే, కానీ నాకొక అనుమానం. ఆ 17 ఎప్పుడు, ఎక్కడ కొలిచారు? తిలాపియా 16, 17 దగ్గర మేత మానేయడం మామూలే, పక్కకి ఒరగడం మాత్రం ఇంకా కిందకి దిగితేనే చూస్తాం. 10, 11 దాకా వెళ్తే చాలావరకు చచ్చిపోతాయి. రాత్రి పైనీళ్లు చల్లబడి బరువెక్కి అడుక్కి దిగుతాయి కాబట్టి, తెల్లవారుజామున అడుగున కొలవకపోతే చేప పడుతున్న చలి మీకు తెలియదు.

ఇంకోటి, ఒరిగిపోయిన చేపలు చాలావరకు పోయేది లవణాల లెక్క తప్పి. మంచినీటి చేప రక్తంలో ఉప్పు చుట్టూ ఉన్న నీళ్లకంటే చాలా ఎక్కువ, మొప్పల పంపులు మందగిస్తే అది బయటికి కారిపోతూనే ఉంటుంది, నీళ్లేమో లోపలికి వస్తూనే ఉంటాయి. తొట్టెలో అయితే లీటరుకి 3, 4 గ్రాముల ఉప్పు కలిపితే ఆ భారం కొంత తగ్గుతుంది, చెరువుకి అది అయ్యే పని కాదు. మేత మాత్రం వెంటనే ఆపేయండి. తినని మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది, ఉన్న కష్టానికి అదొకటి తోడు.

జవాబు 3:

దయచేసి ఇప్పుడు వల వేయకండి! నేను ఒకసారి ఇలాంటి చలిలోనే చేపల్ని కాపాడదామని వల వేసి పట్టి వేరే తొట్టెలోకి మార్చాను. వారం తిరక్కుండానే వల గీసుకున్న చోటల్లా, ముఖ్యంగా తోక మొదట్లో, దూదిపింజలా తెల్లటి బూజు లేచింది. చాలావాటిని పోగొట్టుకున్నాను, ఇప్పటికీ బాధే. చలిలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరుగుతుంది, రోగనిరోధక కణాలు మందగిస్తాయి, పైనుండే జిగురు పొర పలచబడుతుంది. మామూలప్పుడు రెండు రోజుల్లో మానిపోయే గీత అప్పుడు మానదు. కుదిరితే చెరువులో ఒక మూల లోతు పెంచి, గాలి తగలకుండా ఏదైనా అడ్డు పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ థాంక్స్ అండీ. నేను కొలిచింది మధ్యాహ్నం, అదీ పైపైన. ఈరోజు తెల్లవారుజామున థర్మామీటర్‌ని తాడుకి కట్టి అడుగుదాకా దించితే 13 చూపించింది. మేత ఆపేశాను, వల లోపల పెట్టేశాను, గాలి వచ్చే వైపు పట్టా కట్టిస్తున్నాను. ఒరిగినవాటిలో రెండు ఎండెక్కాక నిటారుగా నిలబడ్డాయి, మిగతావి ఇంకా అలాగే ఉన్నాయి. రేపు మళ్లీ అదే వేళకి కొలిచి ఇక్కడ పెడతాను.