పెర్సీ స్లెడ్జ్ పాట: నా క్యాసెట్‌లో ఉన్నది అసలుదేనా?

ప్రశ్న: మస్కట్ క్యాసెట్ (కాకినాడ)

అందరికీ నమస్కారం. నేను నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. 1989 నుంచి పదకొండేళ్లు మస్కట్‌లో ఉన్నాను. మా వార్డులో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నర్సు ఒకామె ఉండేది. రాత్రి డ్యూటీలో మందుల ట్రే సర్దుకుంటూ ఎప్పుడూ ఒకే ఇంగ్లీషు పాట కూనిరాగం తీసేది. మాటలు నాకు సగమే అర్థమయ్యేవి. రాగం మాత్రం ఎవరో నెమ్మదిగా మెట్లు దిగి వస్తున్నట్టు ఉండేది. ఏ పాట అని అడిగితే టెంపరేచర్ చార్టు వెనుక రాసి ఇచ్చింది: పెర్సీ స్లెడ్జ్, ‘వెన్ ఎ మ్యాన్ లవ్స్ ఎ ఉమన్’.

1993లో రువీ బజారులో పాత ప్రేమపాటల క్యాసెట్ ఒకటి కొన్నాను. రెండో వైపు మూడో పాట ఇదే. అప్పట్లో ఫోను ఖరీదు, అందుకని మావారికి ఉత్తరాలతో పాటు మాటలు రికార్డు చేసిన క్యాసెట్లు పంపేదాన్ని. ఒకసారి మాటలన్నీ అయ్యాక ఇంకా కొంచెం టేపు మిగిలితే ఈ పాట ఎక్కించి పంపాను. ఆయనకు ఇంగ్లీషు పాటలు అలవాటు లేదు. అయినా తిరుగు ఉత్తరంలో “చివర పాడినాయన ఎవరో గానీ నా పక్షాన మాట్లాడాడు” అని రాశారు. ఆరేళ్ల క్రితం ఆయన పోయారు. క్యాసెట్ ఇంకా నా దగ్గరే ఉంది.

మొన్న మా మనవడు ఫోనులో ఈ పాట పెట్టాడు. పేరు అదే, పాడినది పెర్సీ స్లెడ్జే. కానీ నా పాట కాదు! గొంతు ఇంకా పలుచగా, కుర్రవాడిలా ఉంది. వాయిద్యాలన్నీ దూరంగా ఏదో గదిలో మోగుతున్నట్టు ఉన్నాయి. చివర్లో బూరలు కొంచెం శ్రుతి తప్పినట్టు కూడా అనిపించింది. నా క్యాసెట్‌లో అంతా శుభ్రంగా, నిండుగా ఉంటుంది. వీటిలో అసలు పాట ఏది? ఒకే మనిషి ఒకే పాటను రెండుసార్లు ఎందుకు పాడతాడు?

జవాబు 1: కీబోర్డు (విజయవాడ)

అమ్మా, నమస్కారం. నేను ఆర్కెస్ట్రాలో ముప్పై ఏళ్లుగా కీబోర్డు వాయిస్తున్నాను. మీరు చెప్పిన ‘శ్రుతి తప్పిన బూరలు’ ఒక్క మాటతో విషయం తేలిపోయింది. మనవడు వినిపించినదే 1966 నాటి అసలు రికార్డు. మీ క్యాసెట్‌లో ఉన్నది తర్వాతి కాలంలో ఆయనే మళ్లీ పాడినది అయి ఉండాలి. క్యాసెట్ అట్ట మీద చిన్న అక్షరాలు ఏమైనా ఉన్నాయేమో చూడండి.

మెట్లు దిగినట్టు ఉంటుందని మీరు రాసినది నూటికి నూరుపాళ్లు నిజం. అసలు రికార్డు ఒకటిన్నర శ్రుతిలో ఉంటుంది. బేస్ గిటారు స, ని, ద, ప, మ అంటూ ఒక్కో స్వరం దిగి, పంచమం మీద కాస్త నిలబడి, తిరిగి షడ్జమానికి చేరుతుంది. స్వరాలన్నీ శంకరాభరణంలోవే. నడక తిశ్రం. మనకు కొత్త కాదు కాబట్టే ఇంగ్లీషు పాటలు అలవాటు ఉన్నవారు, లేనివారు అని తేడా లేకుండా అందరికీ ఎక్కేస్తుంది. మన సినిమా పాటలో పల్లవి ప్రతి చరణం తర్వాతా తిరిగి వస్తుంది కదా, ఇందులో అలా రాదు. విడిగా పల్లవి అంటూ లేదు, పేరున్న ఆ వాక్యంతోనే చాలా చరణాలు మొదలవుతాయి. ఒక మనిషి తన బాధ చెప్పుకోవడం మొదలుపెట్టి మధ్యలో ఆపలేకపోయినట్టు ఉంటుంది. ఈ పాటను స్టేజీ మీద వాయించినప్పుడల్లా ఆ దిగే మెట్ల దగ్గర నా ఎడమచేయి దానంతట అది బరువెక్కుతుంది.

జవాబు 2: టెనెసీ నది ఒడ్డు (హంట్స్‌విల్, అలబామా)

అమ్మా, మీ ప్రశ్న చదివి రాయకుండా ఉండలేకపోయాను. మేము ఉండే హంట్స్‌విల్ నుంచి గంటన్నర కారు ప్రయాణంలో ఈ పాట పుట్టిన ఊరు ఉంది. పేరు షెఫీల్డ్. నది చుట్టూ ఫ్లోరెన్స్, మజిల్ షోల్స్, టస్కంబియా, షెఫీల్డ్ అనే నాలుగు చిన్న ఊళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. పది సార్లయినా వెళ్లి ఉంటాను.

మీకు ముందుగా చెప్పాల్సిన విషయం వేరే ఉంది. ఈ పాట పాడే నాటికి పెర్సీ స్లెడ్జ్ ఆసుపత్రి ఉద్యోగి. షెఫీల్డ్‌లోని కోల్బర్ట్ కౌంటీ ఆసుపత్రిలో ఆర్డర్లీగా రోగులను చూసుకునేవాడు. వారాంతాల్లో ఎస్క్వైర్స్ అనే బృందంతో కలిసి కాలేజీ పార్టీల్లో పాడేవాడు. ఆ ఆసుపత్రిలో చికిత్స పొందిన ఒక మిత్రుడే అతన్ని క్విన్ ఐవీకి పరిచయం చేశాడు. ఐవీ రేడియోలో పనిచేసేవాడు, ఊళ్లో రికార్డుల దుకాణం నడిపేవాడు, నొరాలా అనే చిన్న స్టూడియో అప్పుడప్పుడే పెట్టుకున్నాడు. అంటే మీరు రాత్రి డ్యూటీలో విన్న పాటను లోకానికి అందించినది ఒక వార్డు పరిచయమే.

రాగం తనలో చిన్నప్పటి నుంచీ ఉందని, పత్తి చేలలో పనిచేస్తూ కూనిరాగం తీసేవాడినని స్లెడ్జ్ చెప్పుకున్నాడు. ప్రేమించిన అమ్మాయి వదిలి వెళ్లిన బాధలో మాటలు వచ్చాయట. రికార్డు 1966 మొదట్లో జరిగింది. ఆర్గన్ మీద స్పూనర్ ఓల్డ్‌హామ్, డ్రమ్స్ రోజర్ హాకిన్స్, గిటారు మార్లిన్ గ్రీన్, బేస్ జూనియర్ లో. రికార్డింగ్ చేసినది జిమ్మీ జాన్సన్. పాడినవాడు నల్లవాడు, వాయించిన ఈ నలుగురూ తెల్లవాళ్లు. ఆ రోజుల అలబామాలో ఆ గది ఎంత అరుదైనదో ఇక్కడ ఉంటున్నకొద్దీ తెలుస్తోంది.

ఇప్పుడు మీరు విన్న బూరల సంగతి. టేపు న్యూయార్క్‌లోని అట్లాంటిక్ అనే రికార్డుల కంపెనీకి వెళ్లింది. అక్కడి నిర్మాత జెర్రీ వెక్స్‌లర్‌కు పాట ఎంతో నచ్చింది కానీ బూరలు శ్రుతిలో లేవని, మళ్లీ చేయమని అన్నాడు. వీళ్లు వేరే బూరలవాళ్లను పిలిచి సరిదిద్ది పంపారు. అయితే టేపులు తారుమారై, శ్రుతి తప్పిన మొదటిదే అచ్చయి బయటికి వచ్చిందని ఆ స్టూడియోవాళ్లు చెబుతూ వచ్చారు. 1966 మే నెలాఖరుకు అదే అమెరికా పాటల జాబితాలో మొదటి స్థానంలో నిలబడింది. అట్లాంటిక్‌కు తొలి గోల్డ్ రికార్డు (భారీ అమ్మకాలకు ఇచ్చే గుర్తింపు) అదే. మీ చెవి నిజంగా గొప్పదమ్మా. వెక్స్‌లర్ పట్టుకున్న లోపాన్నే ఫోను స్పీకరులో పట్టుకున్నారు.

జవాబు 3: హాస్టల్ గది (వరంగల్)

మైకేల్ బోల్టన్‌ను ఎవరూ తలచుకోకపోవడం నాకు బాధగా ఉంది. మా ఇంజనీరింగ్ రోజుల్లో కేబుల్ టీవీ కొత్తగా వచ్చింది. మాకు ఈ పాట తెలిసినదే ఆయన గొంతులో. 1991లో ఆయన పాడినది కూడా అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది, గ్రామీ సంగీత అవార్డు కూడా వచ్చింది. ఒకే పాట పాతికేళ్ల తేడాతో ఇద్దరి గొంతుల్లో శిఖరానికి చేరడం చిన్న విషయం కాదు. అంతకు ముందు బెట్ మిడ్లర్ 1979 నాటి ‘ది రోజ్’ సినిమాలో వేదిక మీద పాడింది. ఆడమనిషి పాడితే ఆ మాటల అర్థమే మారిపోతుంది, తప్పక వినండి. స్లెడ్జ్ రికార్డు వచ్చిన 1966లోనే ఎస్తర్ ఫిలిప్స్ దీన్ని ఆడమనిషి వైపు నుంచి తిప్పి పాడింది.

జవాబు 4: టెనెసీ నది ఒడ్డు (హంట్స్‌విల్, అలబామా)

హాస్టల్ గది గారూ, బోల్టన్ గొంతుకు నేనూ దండం పెడతాను. కానీ ఆయన పాటలో బాధ మెల్లగా పెరిగి పెద్ద కేకగా మారుతుంది. స్లెడ్జ్ మొదటి మాట అనేటప్పటికే తెగిపోవడానికి సిద్ధంగా ఉంటాడు. ఆ తర్వాత దాదాపు మూడు నిమిషాలూ తెగకుండా ఆపుకుంటాడు. నాకు అదే ఎక్కువ.

అమ్మా, మీ రెండో ప్రశ్నకు జవాబు ఇంకా ఇవ్వలేదు. ఎందుకు మళ్లీ పాడాడు? రికార్డు మీద రచయితలుగా స్లెడ్జ్ పేరు లేదు. తన బృందంలోని కాల్విన్ లూయిస్, ఆండ్రూ రైట్ పేర్లు ఉన్నాయి. తోడుగా నిలిచి వాయించినందుకు హక్కు వాళ్లకే ఇచ్చేశానని, అది తన జీవితంలో పెద్ద పొరపాటని తర్వాత ఆయనే అన్నాడు. అమెరికాలో మామూలు రేడియోలో పాట వేస్తే రాసినవారికి డబ్బు వెళుతుంది, పాడినవారికి పైసా రాదు. పాట ఎన్ని వేలసార్లు మోగినా ఆ లెక్కలో ఆయన లేడు. (మన దేశంలో 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి రచయితలకు, స్వరకర్తలకు, గాయకులకు రాయల్టీ హక్కు గట్టిపరిచారు. ఆ వార్త చదివినప్పుడు నాకు ముందు గుర్తొచ్చినది స్లెడ్జే.)

ఇక టేపు సొంతదారు కంపెనీ. పాత పాటలు గుదిగుచ్చి చవకగా అమ్మాలనుకునే చిన్న కంపెనీలు అసలు టేపుకు అద్దె కట్టే బదులు, గాయకుణ్ణే పిలిచి కొత్త వాయిద్యాలతో మళ్లీ పాడించుకునేవి. ఒప్పందంలో ‘ఇన్నేళ్ల వరకు ఇదే పాట మరొకరికి పాడకూడదు’ అనే షరతు ఉంటుంది. గడువు తీరాక ఇక అడ్డు లేదు. అలా పాడినవారు స్లెడ్జ్ ఒక్కడే కాదు, ఆ తరం గాయకుల్లో ఎంతో మంది. 1987లో లీవైస్ జీన్స్ ప్రకటన పుణ్యమా అని అసలు రికార్డు బ్రిటన్‌లో మళ్లీ విడుదలై రెండో స్థానానికి చేరింది. ఆ గిరాకీ చూశాక ఇలాంటి క్యాసెట్లకు లోటేముంటుంది?

కాబట్టి మీ దగ్గర ఉన్నది నకిలీ అనుకోకండి. ఆ గొంతు ఆయనదే. ఈ పాట అప్పటికి ఆయన ఒంట్లో ఇరవై ఏళ్లకు పైగా ఉంది.

ప్రశ్న అడిగినవారి జవాబు: మస్కట్ క్యాసెట్ (కాకినాడ)

అందరికీ ధన్యవాదాలు. భూతద్దం పెట్టి చూశాను. అట్ట లోపలి మడతలో, ధర చీటీ అంటించిన చోట, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: పాత గాయకులే కొత్తగా పాడినవి అని. ముప్పై ఏళ్లుగా ఆ చీటీ ఊడదీయాలని నాకు తోచలేదు.

మొదట మనసు కష్టపడింది, దాచను. మావారికి అసలుది కానిది పంపానని. రాత్రి ఇద్దరి పాటలూ ఒకదాని తర్వాత ఒకటి విన్నాను. 1966 పాటలో అబ్బాయి అడుగుతున్నాడు. ఇంకా ఆమె వస్తుందేమో అన్న ఆశ ఉంది. నా క్యాసెట్‌లోని ఆయనకు ఆమె రాదని తెలుసు. తెలిసీ అవే మాటలు అంటున్నాడు. పిల్లలను చూసుకుంటూ పదకొండేళ్లు ఇంటి దగ్గర ఒంటరిగా ఉన్న మనిషి “నా పక్షాన” అన్నది ఆ రెండో గొంతు వినే. కుర్రవాడి గొంతు పంపి ఉంటే ఆయన ఆ మాట రాసేవారా అని ఆలోచిస్తున్నాను.

ఆర్డర్లీ సంగతి చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. రోగిని పక్కకు తిప్పేటప్పుడు, దుప్పటి మార్చేటప్పుడు మాకు తెలియకుండానే ఏదో పాట నోట్లో ఆడుతుంది. ఆ పని చేసినవారికే తెలుస్తుంది.

కీబోర్డు గారూ, ఒక సహాయం. క్యాసెట్‌లో ఆ పాట దగ్గరే టేపు కొంచెం నలిగింది, రెండో మెట్టు దిగేచోట గొంతు వణుకుతోంది. మా ఊళ్లో టేపు రికార్డర్లు బాగుచేసే దుకాణాలు మూతపడ్డాయి. విజయవాడలో ఇలాంటి టేపును సరిచేసి కంప్యూటర్‌లోకి ఎక్కించేవారు ఎవరైనా ఉన్నారా? వచ్చే నెల పెళ్లికి అటు వస్తున్నాను, క్యాసెట్ చేతిసంచిలో తెస్తాను.

జవాబు 5: కీబోర్డు (విజయవాడ)

మా ఇంటికే తీసుకురండి అమ్మా. నా దగ్గర పాత రెండు క్యాసెట్ల డెక్ పనిచేసే స్థితిలో ఉంది. వచ్చేలోపు ఆ క్యాసెట్ మళ్లీ వేయకండి. టేపును వేలితో ముట్టుకోకుండా, పెన్సిలుతో మొదటికి చుట్టి, నిలువుగా పెట్టి ఉంచండి.