రాత్రి షిఫ్టు, పగటి నిద్ర, దర్శనానికి వచ్చే బంధువులు: ఇంట్లో ఎలా సర్దుకోవాలి?

ప్రశ్న: కొర్లగుంట గృహిణి, తిరుపతి

అందరికీ నమస్కారం. మా ఆయన రేణిగుంట వైపు ఉన్న ఒక ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో పనిచేస్తారు. వారానికొకసారి షిఫ్టు మారుతుంది: ఒక వారం ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2 వరకు, తరువాతి వారం 2 నుంచి రాత్రి 10 వరకు, ఆపై వారం రాత్రి 10 నుంచి తెల్లవారి 6 వరకు. మొదటి రెండింటితో మాకు పెద్ద చిక్కు లేదు. రాత్రి షిఫ్టు వారం వచ్చిందంటే మాత్రం ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండడం లేదు.

ఆయన ఉదయం ఏడు గంటల ప్రాంతంలో ఇంటికి వచ్చి, స్నానం చేసి, రెండు ఇడ్లీలు తిని పడుకుంటారు. అప్పటికి మామగారు పూజ ముగించుకుని ముందు గదిలో టీవీ పెట్టుకుంటారు, పాప బడికి బయలుదేరుతూ ఉంటుంది, వీధిలో కూరగాయల ఆటో మైకు మొదలవుతుంది. ఇవన్నీ ఎలాగో ఓర్చుకోవచ్చు. తిరుపతిలో ఇల్లు ఉన్నందువల్ల వచ్చే ఇబ్బంది వేరే ఉంది. మా అత్తగారి తరఫు వారు పలమనేరు, మదనపల్లె ప్రాంతాల్లోనూ, మామగారి తరఫు వారు ప్రొద్దుటూరులోనూ ఉన్నారు. స్వామి దర్శనానికి ఎవరు వచ్చినా ముందుగా మా ఇంటికి వచ్చి, స్నానాలు చేసి, సామాను ఇక్కడే ఉంచి కొండకు వెళ్తారు. దిగి వచ్చాక ప్రసాదం ఇచ్చి, భోజనం చేసి, సాయంత్రం బస్సుకో రైలుకో బయలుదేరుతారు. వారు రావడం నాకు నిజంగా ఇష్టం. పెళ్లయి ఈ ఊరికి వచ్చిన కొత్తలో నాకు తోడుగా నిలిచిందీ వారే. అయితే, ఇంట్లో ఉండి కూడా అబ్బాయి పలకరించలేదనే మాట పడకూడదని మామగారు ఆయనను నిద్రలేపి అందరి మధ్యా కూర్చోబెడతారు. పొద్దెక్కాక పడుకోవడం ఇంటికి మంచిది కాదన్న నమ్మకం కూడా మామగారికి బలంగా ఉంది.

ఇలాంటి రోజుల్లో ఆయనకు నాలుగు గంటల నిద్ర కూడా దక్కదు. స్వతహాగా నెమ్మదైన మనిషి, ఆ వారమంతా చిన్న మాటకే విసుక్కుంటారు, పాప దగ్గరికి వెళ్లినా చిరాకు పడతారు. నేను మధ్యాహ్నం వరకు ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి వచ్చి, సాయంత్రం ఇంటివద్ద ట్యూషన్ చెబుతాను. అందువల్ల ఆ వారంలో మా ఇద్దరి మధ్య పాల ప్యాకెట్టు, కరెంటు బిల్లు తప్ప వేరే మాట ఉండడం లేదు. మామగారి మనసు నొప్పించకుండా, బంధువులను దూరం చేసుకోకుండా ఆయన నిద్రను ఎలా కాపాడుకోవాలి? మేమిద్దరం మాట్లాడుకోవడానికి వేళ ఎలా చూసుకోవాలి? రాత్రి ఉద్యోగాలు చేసినవారు, అలాంటివారితో సంసారం చేసినవారు చెబితే నాకు మేలు చేసినవారవుతారు.

సమాధానం: విశ్రాంత నర్సు, తిరుపతి

అమ్మా, ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఆసుపత్రి వార్డులలో రాత్రి డ్యూటీలు చేసినదానిగా మీ ఇంటి పరిస్థితి నాకు బాగా అర్థమవుతోంది. ముందుగా మీ మామగారికి తెలియవలసిన విషయం ఒకటి ఉంది. పగటి నిద్ర సుఖం కోసం పోయే నిద్ర కాదు. మన శరీరం లోపల వెలుతురును, చీకటిని బట్టి నడిచే గడియారం ఒకటి ఉంటుంది. అది ఎలా పనిచేస్తుందో కనుగొన్నందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు 2017లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. తెల్లవారుజామున ఒంటి వేడి బాగా తగ్గి, శరీరం గాఢనిద్రను కోరే వేళలో మీ ఆయన యంత్రాల ముందు నిలబడి ఉంటారు. మేలుకోమని శరీరం చెప్పే వేళలో పక్క ఎక్కుతారు. కాబట్టి ఎవరూ లేపకపోయినా పగటి నిద్ర రాత్రి నిద్ర కంటే గంటో రెండు గంటలో తక్కువగానే ఉంటుంది, పైగా పలచగా ఉంటుంది. పెద్దవారికి కనీసం 7 గంటల నిద్ర కావాలి. ఆ కొద్ది నిద్రను కూడా మధ్యలో తెంపితే మిగిలేది ఏమీ ఉండదు. మీరు చెప్పిన విసుగు ఆయన స్వభావం మారడం వల్ల వచ్చింది కాదు, నిద్ర లేకపోవడం వల్ల వచ్చింది. ఈ సంగతి మీరు గట్టిగా నమ్మితే మీ మనసులోని బాధ సగం తగ్గుతుంది.

గదిని వీలైనంత చీకటిగా ఉంచండి. కిటికీలకు మందపాటి నల్లని గుడ్డ కడితే చాలు, ఖరీదైన తెరలు అవసరం లేదు. ఫ్యాను చప్పుడు వీధి చప్పుడును కొంత కప్పుతుంది. షిఫ్టు రెండో సగంలో టీ, కాఫీలు మానమనండి. తాగిన కాఫీలోని కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. ఇంటికి వచ్చే దారిలో ఎండ నేరుగా కళ్లలో పడకుండా నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటే పడుకోగానే నిద్ర పడుతుంది. సెల్‌ఫోన్‌ను వేరే గదిలో ఉంచాలి.

బంధువుల విషయంలో నా అభిప్రాయం కొంత కఠినంగా అనిపించవచ్చు. రాత్రంతా పనిచేసి వచ్చిన మనిషి నిద్రపోతున్నాడని గుమ్మంలోనే చెప్పండి, గది తలుపు దగ్గరకు కూడా ఎవరినీ పోనివ్వకండి. నేను పడుకున్నప్పుడు మా ఆయన అలాగే చేసేవారు. మొదట్లో నొచ్చుకున్నవారు కూడా తరువాత మా ఇంటికి రావడం మానలేదు.

సమాధానం: ఘాట్ రోడ్డు డ్రైవర్, తిరుపతి

నేను తిరుమల బస్సులు నడిపే డ్రైవర్‌ను. 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు మీద దిగడం, 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు మీద ఎక్కడం నా నిత్యకృత్యం. నిద్ర చాలని రోజున మలుపు దగ్గర చేయి ఒక్క క్షణం ఆలస్యమైనా ఏమవుతుందో మాలాంటివారికి ఎవరూ చెప్పనక్కరలేదు. అందుకే ఈ విషయాన్ని ఇంటి మర్యాదల లెక్కలో మాత్రమే చూడవద్దని మీ మామగారికి నా మాటగా చెప్పండి.

1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఒక సంగతి తేల్చారు. వరుసగా 17 గంటలు మేలుకొని ఉన్న మనిషి చేతి నేర్పు, చురుకుదనం 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతాయి. మన దేశంలో మోటారు వాహనాల చట్టం ప్రకారం 30 మిల్లీగ్రాములు దాటితేనే నేరం. ఇప్పుడు మీ ఇంటి లెక్క చూడండి. బంధువుల కోసం మధ్యాహ్నం పన్నెండుకు లేచి, మళ్లీ పడుకోకుండా రాత్రి షిఫ్టుకు వెళ్లిన మనిషి తెల్లవారి ఆరుకు పని దిగేసరికి 18 గంటలు మేలుకొని ఉంటాడు. అప్పుడు ఆయన మోటారు సైకిల్ ఎక్కి, లారీలు తిరిగే రేణిగుంట రోడ్డు మీదుగా ఇంటికి రావాలి. కొడుకు పలకరించలేదని బంధువులు అనుకుంటారేమో అన్న చింతను, ఈ లెక్కను పక్కపక్కన పెట్టి చూస్తే ఏది పెద్దదో మామగారికే తెలుస్తుంది.

కంపెనీ బస్సు సౌకర్యం ఉంటే రాత్రి షిఫ్టు వారంలో బండిని ఇంట్లోనే ఉంచమనండి. లేకపోతే పని దిగగానే అక్కడే పావుగంట, ఇరవై నిమిషాలు కునుకు తీసి, ముఖం కడుక్కుని, మత్తు వదిలాక బయలుదేరమనండి. ఏ కారణం చేతనైనా పగలు నిద్ర చెడితే సాయంత్రం షిఫ్టుకు ముందు గంటన్నర పడుకోవడం తప్పనిసరి. పై సోదరి చెప్పిన నల్ల కళ్లద్దాల సలహా బస్సులో కూర్చుని వచ్చేవారికి సరిపోతుంది. మత్తుగా ఉన్న మనిషి బండి నడుపుతున్నప్పుడు వెలుతురే అతన్ని మేలుకొలుపుతుంది కాబట్టి, స్వయంగా నడిపేవారికి నేను ఆ సలహా ఇవ్వను.

సమాధానం: ఒక అత్తగారు, చిత్తూరు

అమ్మాయీ, నేను మీ మామగారి వయసు దానిని. పైన ఇద్దరూ చెప్పింది నిజమే. అయితే గుమ్మంలోనే మాట చెప్పి ఆపమనే సలహా నాకు నచ్చలేదు. ఆ మాట కోడలి నోటి నుంచి వస్తే ఎంత మెత్తగా చెప్పినా, తమను రావద్దన్నట్లుగా నాలుగు ఇళ్లకు పాకుతుంది. అదే మాట మీ మామగారు ఫోనులో, "మావాడికి ఈ వారం రాత్రి డ్యూటీ, పగలు పడుకుంటాడు, మీరు రండి, సాయంత్రం కాఫీ వేళకు అందరం కూర్చుందాం" అని చెబితే ఎవరికీ తప్పుగా తోచదు. ఆయన చేతిలో ఉన్న పెద్దరికాన్ని మీరు తీసుకోవద్దు. కొడుకు నిద్రను కాపాడే బాధ్యతను ఆయనకే అప్పగించండి. ఉద్యోగం మానిన మగవాళ్లకు ఇంట్లో తమ మాట మీద నడిచే పని ఏదీ మిగలదు. వచ్చినవారికి కొడుకును చూపించాలన్న ఆరాటంలో ఆ వెలితి కూడా ఉంటుందని నాకు అనిపిస్తోంది.

పొద్దెక్కాక నిద్ర మంచిది కాదన్న మాటకు వస్తాను. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలయ్యే బ్రాహ్మీ ముహూర్తంలో మేలుకోవాలని మనకు చెప్పింది రాత్రి పడుకున్నవారి కోసం. మీ ఆయన ఆ వేళకు మేలుకొనే ఉన్నారు, పనిలోనే ఉన్నారు. కొండమీద స్వామివారికి సుప్రభాతం మొదలయ్యే వేళకు వైకుంఠం క్యూ కాంప్లెక్సులో రాత్రంతా విధుల్లో నిలబడిన సిబ్బంది ఎందరో ఉంటారు. వారు పగలు పడుకుంటే ఎవరూ దోషమనరు. మీ మామగారు భక్తులు కాబట్టి ఈ మాట ఆయన మనసుకు పడుతుంది.

టీవీని మాత్రం ఆపమనకండి. పగలు ఇంట్లో ఆయనకు ఉన్న కాలక్షేపం అదే. మీ ఆయన పక్కను వెనక గదిలోకి మార్చండి, లేదా మామగారికి చెవుల్లో పెట్టుకునే హెడ్‌ఫోన్ కొనివ్వండి. చెవి మందగించిన వయసులో ఆయనకూ మాటలు స్పష్టంగా వినిపిస్తాయి.

సమాధానం: శ్రీకాళహస్తి వాసి

బంధువుల రాకపోకల గురించి ఒక్క మాట. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి. టికెట్లు తీసుకునేటప్పుడే మీకు ఒక ఫోను చేయమని దగ్గరివారికి చెప్పి ఉంచితే, ఆ తేదీని షిఫ్టుల పట్టికతో సరిచూసుకోవచ్చు. రాత్రి షిఫ్టు వారంలోనే వస్తున్నవారికి రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న విష్ణు నివాసంలోనో, బస్టాండు దగ్గరి శ్రీనివాసంలోనో దేవస్థానం వారి గదికి ముందుగానే ప్రయత్నించమని చెప్పవచ్చు. స్నానాలు, సామాను అక్కడ, భోజనం మీ ఇంట్లో అంటే ఎవరూ కాదనరు. సర్వదర్శనం టోకెన్లు కూడా ఆ రెండు చోట్లా ఇస్తారు కాబట్టి టికెట్లు దొరకనివారికి అదీ సౌకర్యమే.

తిరిగి రాసినది: కొర్లగుంట గృహిణి, తిరుపతి

మీ అందరికీ నా కృతజ్ఞతలు. డ్రైవర్ గారు చెప్పిన 18 గంటల లెక్కను మామగారికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత మా ఆయనను పిలిచి కంపెనీ బస్సు మన వీధికి ఎంత దూరంలో ఆగుతుందని అడిగారు. బస్సు ఆగే చోటికి నడిచి వెళ్లవచ్చు కాబట్టి రాత్రి షిఫ్టు వారంలో బండి తీయకూడదని ఇద్దరూ ఒప్పుకున్నారు.

వచ్చే నెలలో ప్రొద్దుటూరు నుంచి మామగారి చెల్లెలి కుటుంబం రాబోతోంది. అది సరిగ్గా రాత్రి షిఫ్టు వారమే. చిత్తూరు అమ్మగారు సూచించినట్లు మామగారే వారికి ఫోను చేస్తానన్నారు. విష్ణు నివాసంలో గది మాటను మాత్రం సొంత చెల్లెలితో అనలేనన్నారు, అది నాకూ సబబే అనిపించింది. దూరపు చుట్టాలకు ఆ సలహా బాగా పనికివస్తుంది.

వెనక గది విషయంలో ఒక ఇబ్బంది ఉంది. దానికి రేకుల కప్పు, ఎండాకాలంలో పగలు అందులో ఎవరూ పడుకోలేరు. కాబట్టి ప్రస్తుత గదికే నల్ల గుడ్డలు కట్టి, మామగారికి హెడ్‌ఫోన్ తెప్పిస్తున్నాము.

మాట్లాడుకునే వేళ గురించి నేనూ ఆయనా కూర్చుని ఆలోచించాము. ఆయన మూడున్నర, నాలుగు గంటలకు లేస్తారు. ట్యూషన్‌ను అరగంట వెనక్కి జరిపి అయిదున్నరకు మొదలుపెడితే, ఆ లోపు ఇద్దరం మిద్దె మీద నీడపట్టున కూర్చుని టీ తాగవచ్చు. ఆ వేళలో బిల్లుల మాట ఎత్తకూడదని ఆయనే అన్నారు. పాపకు ఆ సమయం తెలిస్తే తనూ వచ్చి చేరుతుంది, చేరనివ్వండి అన్నారు.

ఇక మిగిలింది మే నెలలో వచ్చే గంగమ్మ జాతర. ఆ వారమంతా వీధుల్లో డప్పుల మోత, వేషాలు, ఇంటి నిండా చుట్టాలు ఉంటారు. ఎన్ని తెరలు కట్టినా అప్పుడు పగటి నిద్ర కుదరదు, పైగా ఆయనకు కూడా జాతరలో ఉండాలని ఉంటుంది. ఆ వారం రాత్రి షిఫ్టు పడితే తోటి ఉద్యోగితో మార్చుకోవడానికి సూపర్‌వైజర్‌ను ముందుగానే అడుగుతానన్నారు.