టర్కీ విద్యార్థుల వ్యాసాలనూ ఇంగ్లీషు విద్యార్థుల వ్యాసాలనూ పోల్చడం ఎలా?

ప్రశ్న:
ఎం.ఏ. ప్రాజెక్టు కోసం టర్కీ విద్యార్థులు ఇంగ్లీషులో రాసిన వాద వ్యాసాలనూ, ఇంగ్లీషు మాతృభాషగా గల విద్యార్థుల వ్యాసాలనూ పక్కపక్కన పెట్టి చదువుతున్నాను. మొదటివాటిలో రచయిత అభిప్రాయం తరచుగా రెండో పేరా దాటాక గాని బయటపడడం లేదు. అమెరికన్ భాషాశాస్త్రవేత్త రాబర్ట్ కాప్లాన్ 1966లో ఇంగ్లీషు రాతను సూటి గీతగా, తక్కినవాటిని వంకర గీతలుగా చూపిన బొమ్మలతో దీన్ని వివరించవచ్చా? మా గైడుగారు వద్దంటున్నారు గాని కారణం విడమరిచి చెప్పలేదు.

జవాబు 1:
మీ గైడుగారి మాట సబబే. కాప్లాన్ గీసినవి ఇంగ్లీషు, సెమిటిక్ (అరబిక్, హీబ్రూ వంటివి), ప్రాచ్య, రొమాన్స్ (ఫ్రెంచి, స్పానిష్ వంటివి), రష్యన్ అనే ఐదు బొమ్మలు; టర్కిష్‌కు వాటిలో విడిగా చోటు లేదు. దాన్ని ప్రాచ్యంలో కలిపేసి ఊరుకోవడం పరిశోధన అనిపించుకోదు. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, ఆయన ప్రధానంగా చూసింది విదేశీ విద్యార్థులు ఇంగ్లీషులో రాసిన పేరాలను. అభిప్రాయం ఆలస్యంగా రావడానికి మాతృభాష అలవాటు కారణమా, ఇంగ్లీషు మీద పట్టు చాలకపోవడమా, బడిలో నేర్పిన పద్ధతా అన్నది ఇంగ్లీషు రాత ఒక్కటే చూసి తేల్చలేం. కాప్లానే 1987లో తన పాత వాదాన్ని కొంత సడలించుకున్నారు.

జవాబు 2:
నేను అంకారాలో విశ్వవిద్యాలయ సన్నాహక తరగతులకు ఇంగ్లీషు రాత నేర్పాను. అక్కడి బడుల్లో ‘కొంపొజిస్యోన్’ అనే వ్యాసానికి గిరిష్, గెలిష్మె, సొనుచ్ అని మూడు భాగాలుంటాయి. మన బడుల్లోని ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ముగింపు అనుకోండి. కాబట్టి వారి రాతకు క్రమం లేదనడం తప్పు. తేడా అంతా ఉపోద్ఘాతం చేసే పనిలో ఉంది. అక్కడ తరచుగా ఒక సామెత ఇచ్చి వివరించమంటారు. ‘చుక్క చుక్క చేరితే సరస్సవుతుంది’ అన్నది అటువంటిదే. సామెత చెప్పిన సంగతిని కాదనేవారు ఉండరు గనుక విద్యార్థి మొదట్లోనే తన పక్షం ప్రకటించవలసిన అవసరం పడదు. పాఠకుణ్ణి మెల్లగా విషయంలోకి దించి, ఉదాహరణలు చూపి, చివర సామెత నిజమేనని ఒప్పిస్తే చాలు. అదే విద్యార్థిని తరగతిలో ఫోన్లు ఉండాలా వద్దా అని ఇంగ్లీషులో అడిగితే, మానవుడు పూర్వం కబురు ఎలా పంపుకునేవాడో అన్న దగ్గర మొదలుపెడతాడు. తన తీర్పు చివరి పేరాకు దాచుకుంటాడు. (దిద్దేవారికి ఓపిక ఉండాలి.) సన్నాహక సంవత్సరం గడిచాక కొందరు టర్కిష్‌లో రాసేటప్పుడు కూడా అభిప్రాయాన్ని ముందుకు తెస్తారు. ఒకే రచయితల టర్కిష్, ఇంగ్లీషు వ్యాసాలను కలిపి చూసిన 2008 నాటి అధ్యయనం ఒకటి కూడా ఈ ప్రభావం రెండు దిక్కులా నడుస్తుందనే చూపింది.

జవాబు 3:
మీ సామగ్రి ఎక్కడిదో చెప్పలేదు. విదేశీ అభ్యాసకుల ఇంగ్లీషు వ్యాసాల సంకలనం ‘ఐక్లీ’ 2009 నాటి రెండో కూర్పులో టర్కిష్ విభాగం ఉంది. దానికి జోడీగా అందరూ వాడే ‘లాక్‌నెస్’ అనే, ఇంగ్లీషు మాతృభాషగా గల విద్యార్థుల వ్యాసాల సంకలనంలో బ్రిటిష్ ఏ-లెవెల్ (విశ్వవిద్యాలయానికి ముందు దశ) విద్యార్థులు, బ్రిటిష్ విశ్వవిద్యాలయ విద్యార్థులు, అమెరికన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు కలిసి ఉన్నారు. అయిదు పేరాల మూసలో పెరిగిన అమెరికన్ విద్యార్థినీ, ఏ-లెవెల్ పరీక్షకు రాసే బ్రిటిష్ విద్యార్థినీ ఒకే ‘ఇంగ్లీషు పద్ధతి’గా లెక్కిస్తే మీ పోలిక మొదటి మెట్టులోనే జారిపోతుంది. వారిని విడదీయండి, వ్యాసాంశాలు కూడా వీలైనంతవరకు ఒకే రకంవి ఎంచుకోండి.

ప్రశ్న అడిగినవారు:
నా దగ్గర ఉన్నవి ఆ రెండు సంకలనాలే. ఐక్లీలో టర్కిష్‌లో రాసిన వ్యాసాలు లేవు కదా, ఏం చేయాలి?

జవాబు 1:
మీరే సేకరించాలి. తక్కువమందైనా ఫరవాలేదు. ఒకే విద్యార్థి చేత ఒకే తరహా అంశాల మీద రెండు భాషల్లో, కొన్ని వారాల ఎడంతో రాయించండి. సగం మంది టర్కిష్‌తో, మిగిలినవారు ఇంగ్లీషుతో మొదలుపెట్టేట్టు చూడండి. అభిప్రాయం మొదట తేలిన వాక్యం ఎన్నోదో ఇద్దరు విడివిడిగా గుర్తించి సరిచూసుకోవాలి. ఆ ఇద్దరిలో ఒకరు టర్కిష్ మాతృభాషగా గలవారైతే మేలు.