చూపు తగ్గిన పెద్దవాళ్లకి ముళ్ల వాచీ మంచిదా, డిజిటలా?

చెరువుగట్టు_పాలకొల్లు:
మా నాన్నగారికి డెబ్బై దగ్గర పడ్డాయి. రొయ్యల చెరువులు ఇప్పటికీ ఆయనే చూసుకుంటారు. మేత వేశాక గంటన్నర, రెండు గంటల్లో చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలుసుకునే పళ్లెం) ఎత్తి చూడాలి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే వేళకి ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే మోటార్లు) తిరుగుతున్నాయో లేదో చూసుకోవాలి. వాచీ లేకపోతే ఆయనకి కాలూ చెయ్యీ ఆడదు. ఇప్పుడున్న బంగారు రంగు వాచీలో టైము ఆనడం లేదంటున్నారు. తమ్ముడు డిజిటల్ కొందామంటున్నాడు, నాకేమో ముళ్ల వాచీయే నయమనిపిస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

తణుకు_కుర్రాడు:
మీ తమ్ముడి మాటే రైటు అన్నా. పెద్ద అంకెలున్న డిజిటల్ తీసుకోండి. ముల్లు ఎక్కడుందో చూసి లెక్క కట్టుకునే పని ఉండదు, టైము ఎదురుగా రాసి ఉంటుంది. అలారం కూడా వస్తుంది. చెక్ ట్రే టైముకి అదే మోగుతుంది.

వాచీల_మెకానిక్_రాజోలు:
బాబూ, అంకె పెద్దదైనంత మాత్రాన కనపడదు. డిజిటల్ వాచీల్లో చాలావాటికి బూడిదరంగు తెర మీద నల్లటి అంకెలు ఉంటాయి. ఎదురుగా పట్టుకుంటే ఫర్వాలేదు, కాస్త వాల్చి చూస్తే వెలిసిపోతాయి. నల్ల తెర మీద తెల్ల అంకెలు వచ్చే రకం చూడటానికి బాగుంటుంది గానీ, ఆ తెరలో అంకెలు డల్లుగా ఉంటాయి, మసకబారిన కంటికి అది ఇంకా కష్టం. పైగా ఆ గీతల అంకెల్లో ఒక్క గీత ఆనకపోతే 8 కాస్తా 6 అయిపోతుంది, లేకపోతే 9 అవుతుంది. ముళ్ల వాచీలో అంకె చదవక్కర్లేదు. చిన్న ముల్లు ఎటుంది, పెద్ద ముల్లు ఎటుంది, అది తెలిస్తే చాలు.

షాపుకి వచ్చినవాళ్లంతా ముందు "పెద్ద డయల్ చూపించండి" అంటారు. సైజు తర్వాతి సంగతి. డయలు రంగుకీ ముళ్ల రంగుకీ తేడా ఎంత ఉందో అది ముందు చూడండి. నలభై దాటాక చత్వారం వస్తుంది, దానికి కళ్లజోడు ఉంది. కానీ అరవై దాటేసరికి కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపుబారుతుంది, కంట్లోకి వెళ్లే వెలుతురే తగ్గిపోతుంది. అప్పుడు వెండి డయలు మీద వెండి ముల్లు, బంగారు డయలు మీద బంగారు ముల్లు ఎంత పెద్దవైనా కలిసిపోతాయి. మీ నాన్నగారి వాచీ అవస్థ అదే అనుకుంటున్నాను. ఎండలో ఆ మెరుపు ముళ్లు మరీ మోసం చేస్తాయి.

తెల్ల డయలు, మెరుపు లేని నల్ల ముళ్లు, పన్నెండు అంకెలూ నిండుగా ఉన్నది చూడండి. టైమెక్స్ కంపెనీ ఈజీ రీడర్ అని అచ్చం ఇలాంటి రకమే చేస్తుంది. తిరగేసి నల్ల డయలు మీద తెల్ల అంకెలైనా బాగానే కనపడతాయి. హెచ్‌ఎంటీ పైలట్ అలాంటిదే, నా దగ్గరికి సర్వీసుకి ఇప్పటికీ వస్తుంటుంది. గంటల ముల్లు పొట్టిగా లావుగా, నిమిషాల ముల్లు అంచుదాకా వెళ్లేలా ఉండాలి. రెండూ ఇంచుమించు ఒకే పొడుగుంటే వద్దు. డయల్లో మళ్లీ చిన్న చిన్న డయళ్లున్న ఫ్యాషన్ వాచీ అసలే వద్దు. అద్దం ఉబ్బుగా కాకుండా చదునుగా ఉంటే టార్చి వేసినప్పుడు కాంతి కళ్లలో కొట్టడం తగ్గుతుంది.

కోనసీమ_కోడలు:
మా అత్తయ్యగారికి నీటికాసులు. చుక్కల మందు వేళకి పడాలి. ఆవిడకి ముళ్లూ కనపడవు, అంకెలూ కనపడవు. బటన్ నొక్కితే టైము చెప్పే వాచీ కొన్నాం, ఇంగ్లీషులో చెబుతుంది. ఇప్పుడు ఎవరినీ అడగక్కర్లేదని ఆవిడకి ఎంత ధైర్యమో! పూర్తిగా చూపు పోయినవాళ్ల గురించి కూడా ఇక్కడ మాట్లాడుకోవాలండి.

చెరువుగట్టు_పాలకొల్లు:
మంచి మాట చెప్పారు అక్కా. మా నాన్నగారికి మాత్రం ఏరియేటర్ల మోతలో అది వినపడదేమో. మెకానిక్ గారూ, రాత్రి సంగతేంటి? రేడియం ఉన్నది తీసుకోమంటారా?

వాచీల_మెకానిక్_రాజోలు:
మనం రేడియం అంటాం గానీ, ఇప్పటి వాచీల్లో పూసేది వెలుతురు పీల్చుకుని మెరిసే పూత. చవక వాచీలకి పల్చగా పూస్తారు, మూడింటికి చూస్తే ఏమీ మిగలదు. దాన్ని నమ్ముకోవద్దు. బటన్ నొక్కితే డయలంతా వెలిగే రకం తీసుకోండి. టైమెక్స్ 1992లో ఇండిగ్లో పేరుతో తెచ్చింది, ఈజీ రీడర్లో చాలావాటికి అది ఉంటుంది. స్మార్ట్ వాచీలోనూ తెర బాగా వెలుగుతుంది, కానీ చార్జింగు గుర్తుపెట్టుకోవాలి, తడి వేళ్లతో ఆ తెర సరిగా పలకదు. తోలు బెల్టు వద్దు, మన ఉప్పునీళ్లకి కుళ్లిపోతుంది. రబ్బరుది వేయించండి.

ఇంకో మాట. ముల్లు వంకరగా కనపడుతోందని గానీ, డయలు మధ్యలో మచ్చలా ఉందని గానీ ఆయన అంటే వాచీ పక్కన పెట్టి వెంటనే కంటి డాక్టరుకి చూపించండి. అది రెటీనా జబ్బు కావచ్చు, ఆలస్యం చెయ్యకూడదు. శుక్లాలు, షుగరు కూడా ఒకసారి చూపించుకుంటే మంచిది.

కొనేటప్పుడు ఆయన్నే షాపుకి తీసుకెళ్లండి. కళ్లజోడు తీయించి, గుమ్మం బయట ఎండలో ఒకసారి, లోపల లైటు ఆర్పి ఒకసారి టైమెంతో అడగండి. ఆయన తడుముకుంటే ఆ వాచీ తిరిగి ఇచ్చేయండి, ఎంత ఖరీదైనదైనా సరే.

తణుకు_కుర్రాడు:
కనపడటం వరకూ ఒప్పుకుంటాను మెకానిక్ గారూ. కానీ అలారం సంగతి తేలలేదు. చేతిలో మేత బకెట్ ఉన్నప్పుడు ఆయన వాచీ చూస్తూ ఉంటారా? ముళ్ల వాచీ పెట్టుకున్నా, చెక్ ట్రే టైముకి జేబులో ఫోన్ వైబ్రేట్ అయ్యేలా అలారం పెట్టి ఇవ్వండి అన్నా.